ఇన్సా లియోన్‌లో సీటు, అడ్రసేమో విలర్‌బాన్: ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తమ్ముడికి ఫ్రాన్స్‌లోని ఇన్సా లియోన్ అనే ఇంజనీరింగ్ కాలేజీలో మాస్టర్స్ సీటు వచ్చింది. అడ్మిషన్ లెటర్‌లో చిరునామా మాత్రం విలర్‌బాన్ అని ఉంది. అది లియోన్ పక్కనున్న శివారు ఊరని, ఫ్రాన్స్‌లో శివార్లంటే గొడవలని ఎవరో చెప్పారు. నాన్నగారు టెన్షన్ పడుతున్నారు. ఇల్లు లియోన్‌లోనే తీసుకుని రోజూ కాలేజీకి వెళ్లి రావడం మంచిదా అని అడిగారు.

అక్కర్లేదండి. నేను ఆ క్యాంపస్‌లోనే చదువుకుని, ఉద్యోగం వచ్చాక కూడా విలర్‌బాన్‌లోనే ఉండిపోయాను. ఏటా వచ్చే మన పిల్లలకు ఇళ్లు వెతికిపెట్టడం అలవాటైపోయింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు నాన్నగారికి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇన్సా పేరులో లియోన్ ఉన్నా, 1957లో అది పుట్టిందే విలర్‌బాన్‌లో, లా దువా అనే చోట. అప్పటికి ఆ చుట్టుపక్కల ఉన్నవి గుర్రప్పందాల మైదానం, సైన్యం స్థలాలు. ఇప్పుడు అదే క్యాంపస్‌లో ఇన్సాతో పాటు లియోన్ 1 యూనివర్సిటీ సైన్స్ విభాగాలు, కెమిస్ట్రీ, ఎలక్ట్రానిక్స్ చెప్పే ఇంజనీరింగ్ కాలేజీ సీపీఈ, లైబ్రేరియన్లను తయారుచేసే జాతీయ స్థాయి స్కూలు అన్నీ ఉన్నాయి. ఈ జవాబు ఇంకెవరైనా చదువుతుంటే వాళ్ల కోసం ఒక హెచ్చరిక: లియోన్ 1లో సీటు వస్తే అది లా దువానే అనుకోకండి. వైద్యానికి సంబంధించిన కోర్సులు లియోన్ 8వ వార్డులోని రాక్‌ఫెలర్ క్యాంపస్‌లో ఉంటాయి. ఇల్లు తీసుకున్నాక ఈ సంగతి తెలిస్తే రోజూ ఊరు దాటి వెళ్లాల్సి వస్తుంది.

రెండు ఊళ్ల సంబంధం మన జంట నగరాలను చూసినవాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. సికింద్రాబాద్ ఎక్కడ మొదలైందో హైదరాబాద్‌లో నడిచే మనిషికి తెలియనట్టే ఇక్కడా తెలియదు. తేడా ఒక్కటే. సికింద్రాబాద్ కార్పొరేషన్ 1960లో హైదరాబాద్‌లో కలిసిపోయింది, విలర్‌బాన్ మాత్రం ఇప్పటికీ కలవలేదు. లియోన్ 6వ వార్డులో బాగా డబ్బున్నవాళ్లు ఉండే కూర్ విటోన్ అనే పెద్ద రోడ్డు ఉంది. దాని మీద తిన్నగా నడుచుకుంటూ పోతే షార్పెన్ దగ్గర అదే రోడ్డు పేరు కూర్ ఎమిల్ జోలా అయిపోతుంది. గీత లేదు, గేటు లేదు, రోడ్డు కింద అదే మెట్రో నడుస్తూ ఉంటుంది. కానీ ఆ క్షణం నుంచి మీరు వేరే మేయరు, వేరే మున్సిపాలిటీ ఉన్న ఊళ్లో ఉన్నట్టు. పిన్‌కోడ్ 69100. లియోన్ పిన్‌కోడ్లు 69001 నుంచి 69009 దాకా ఉంటాయి. ఇళ్ల ప్రకటనల్లో ‘లియోన్’ అని రాసి 69100 పెడితే కంగారు పడకండి, అది విలర్‌బానే.

జనాభా సుమారు 1.6 లక్షలు, విస్తీర్ణం 14.5 చదరపు కిలోమీటర్లు. ఒక పెద్ద నగరాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లలో ఫ్రాన్స్ మొత్తం మీద ఇదే పెద్దది. మన లెక్కలో ఓ మోస్తరు పట్టణమే అనిపించవచ్చు గానీ, ఫ్రాన్స్‌లో ఈ జనాభాతో దేశంలోని పెద్ద నగరాల జాబితాలో ఇరవయ్యో స్థానం దరిదాపుల్లో నిలబడుతుంది. చెత్త, పెద్ద రోడ్లు లాంటి ఉమ్మడి పనులను 2015 నుంచి ‘మెట్రోపోల్ ద లియోన్’ అనే పై స్థాయి సంస్థ చూస్తోంది. అందులో లియోన్, విలర్‌బాన్‌తో సహా 58 ఊళ్లున్నాయి.

ఇల్లు వెతికేవాడికి చరిత్ర ఎందుకు అనుకోకండి. ఏ పేట ఎందుకు అలా ఉందో దీంట్లోంచే తెలుస్తుంది. 1852 దాకా విలర్‌బాన్ అసలు లియోన్ ఉన్న జిల్లాలోనే లేదు, పక్కనున్న ఈజెర్ జిల్లాలో ఉండేది. తర్వాత అద్దకం పరిశ్రమలు, రసాయనాల ఫ్యాక్టరీలు, లోహపు పనులు చేసే వర్క్‌షాపులు వచ్చి చేరాయి. 1899లో క్యూసే దగ్గర జొనాజ్ కాలువ మీద జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. అదిప్పటికీ కరెంటు ఇస్తోంది. ఇటలీ, స్పెయిన్, ఆర్మేనియా, ఆ తర్వాత ఉత్తర ఆఫ్రికా నుంచి కూలి పనులకు జనం వచ్చారు. ఊరు పెరిగిపోయింది గానీ దానికొక నడిబొడ్డు అంటూ లేదు. లియోన్ ఊరుకుంటుందా? తేత్ దోర్ పార్కులో విలర్‌బాన్‌కు చెందిన భాగాన్ని 1894లో తన ఖాతాలో వేసుకుంది. 20వ శతాబ్దం మొదట్లో లియోన్ మేయర్ ఒగాన్యూర్ ఊరు మొత్తాన్ని కలిపేసుకోవాలని చూశాడు, సాగలేదు.

దానికి జవాబా అన్నట్టు లేచిందే గ్రాట్ సియెల్. 1924లో మేయరైన లజార్ గూజోన్ వృత్తిరీత్యా డాక్టరు, సోషలిస్టు. కార్మికులు గాలీ వెలుతురూ లేని కొంపల్లో క్షయతో పోతున్నారని తెలిసిన మనిషి. ఆర్కిటెక్ట్ మోరిస్ లెరూతో 1934 కల్లా ఊరికి ఒక కొత్త కేంద్రాన్ని కట్టించాడు. ఉక్కు చట్రం మీద మెట్లు మెట్లుగా వెనక్కి తగ్గుతూ లేచే తెల్లటి భవనాలు, మొదట్లో రెండు 19 అంతస్తుల టవర్లు, సుమారు 1500 ఫ్లాట్లు, చివర టౌన్‌హాలు, దాని వెనక థియేటరు, ఈతకొలను. లిఫ్టులు, ఆ భవనాలన్నిటికీ ఒకేచోట నుంచి వచ్చే వేడినీటి గొట్టాలు. యూరప్‌లో అప్పటికి ఇలాంటివి కూలివాళ్ల ఇళ్లలో ఎక్కడ చూస్తాం? అప్పులు పేరుకుపోయి 1935 ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. యుద్ధం తర్వాత మళ్లీ గెలిచి వచ్చాడు. ఆ ఫ్లాట్లలో ఇప్పటికీ సామాన్యులే అద్దెకుంటున్నారు. మీ తమ్ముణ్ని మొదటి ఆదివారం షార్పెన్ నుంచి అక్కడిదాకా నడిచి వెళ్లమనండి. అవెన్యూ ఆన్రీ బార్బ్యూస్ మొదట్లో నిలబడి టవర్ల మధ్య నుంచి టౌన్‌హాలు వైపు చూస్తే ఇది ‘శివారు’ అనే మాటకు సరిపోయే ఊరు కాదని తనకే తెలుస్తుంది.

ఇక నాన్నగారి భయం గురించి. అది పూర్తిగా గాలిమాట అనను. 1981 వేసవిలో వెనిస్యూలోని మింగెత్ కాలనీల్లో కార్లు తగలబడ్డాయి, 1990లో వో ఆన్ వెలాన్‌లో అల్లర్లు జరిగాయి. రెండూ లియోన్ చుట్టుపక్కల ఊళ్లే, రెండోది విలర్‌బాన్‌కు సరిహద్దు కూడా. టీవీల్లో ‘లియోన్ శివార్లు’ అని వినిపించేది వాటి గురించే. 2023 వేసవిలో దేశమంతా అల్లర్లతో అట్టుడికినప్పుడు విలర్‌బాన్‌లోనూ మంటలు లేచాయి. ఉత్తరాన బ్యూయెర్, సాన్ జాన్ పేటల్లోని పాత బ్లాకులు, టోంకిన్‌లో కొన్ని మూలలు మత్తుమందుల అమ్మకాలతో పేపర్లకెక్కుతుంటాయి. అయితే టోంకిన్ గుండా రోజూ వేలమంది విద్యార్థులు ట్రామ్‌లో, సైకిళ్ల మీద వెళ్తుంటారు. మన పిల్లలకు నిజంగా ఎదురయ్యేది ఫోన్ దొంగతనం. అది ఎక్కువగా జరిగేది పార్ ద్యూ రైల్వే స్టేషన్ చుట్టూ, గిలోతియేర్‌లో, రద్దీ మెట్రోలో. అంటే లియోన్‌లోనే. తలుపు దగ్గర నిలబడి ఫోన్ చూసుకోవద్దని చెప్పండి చాలు.

ఇల్లు చూసేటప్పుడు ఊరి పేరు పక్కన పెట్టి, ఏ లైను మీద ఉందో చూడాలి. నా సలహాలన్నిటిలో ముఖ్యమైనది ఇదే. కాలేజీకి ప్రాణం టీ1 ట్రామ్. 2001 నుంచి నడుస్తోంది. క్యాంపస్ మధ్యలోంచే పోతుంది, ‘ఇన్సా ఐన్‌స్టయిన్’ అని స్టాపే ఉంది. అక్కడ ఎక్కితే గాస్టోన్ బెర్జే, యూనివర్సిటీ, కొందోర్సే, టోంకిన్ దాటి షార్పెన్, ఆపైన పార్ ద్యూ. అదే ట్రామ్ ఇంకా ముందుకెళ్లి గిలోతియేర్‌లో ఆగుతుంది. ఆసియా, ఆఫ్రికా దేశాల సరుకుల కొట్లన్నీ అక్కడే. కందిపప్పు, చింతపండు, అదృష్టం బాగుంటే కరివేపాకు, క్లాసు అయ్యాక ఒకే ట్రామ్‌లో వెళ్లి తెచ్చుకోవచ్చు. షార్పెన్‌లో మెట్రో ఏ, బీ రెండూ దొరుకుతాయి. ఏ లైను 1978 నుంచి కూర్ ఎమిల్ జోలా కిందుగా రిపబ్లిక్, గ్రాట్ సియెల్, ఫ్లాషే, క్యూసే మీదుగా వెళ్తుంది, ఇటువైపు లియోన్ నడిబొడ్డు బెల్‌కూర్ దాకా పోతుంది.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. మొదటి ఏడాదికి క్యాంపస్‌లోని ఇన్సా రెసిడెన్సులే. గది చిన్నది, వంటగది చాలా చోట్ల ఉమ్మడిది, పోపు పెడితే పొగ అలారం మోగే ప్రమాదం ఉంది. అయినా సరే, ఫ్రెంచి రాని కుర్రాడు దిగిన వారంలోనే అగ్రిమెంట్లతో కుస్తీ పట్టే బాధ ఉండదు. అడ్మిషన్‌తో పాటే రెసిడెన్స్ దరఖాస్తు లింకు వస్తుంది, ఆ రోజే నింపెయ్యాలి. అది దొరక్కపోతే క్రూస్ అనే ప్రభుత్వ విద్యార్థి వసతి. అదీ లేకపోతే షార్పెన్ నుంచి ఫ్లాషే దాకా మెట్రో ఏ చుట్టుపక్కల, లేదా టీ1 స్టాపులకు నడిచే దూరంలో చిన్న స్టూడియో గానీ, ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే ఫ్లాటు గానీ. దక్షిణాన గ్రాన్‌క్లెమాన్ వైపు అద్దెలు కాస్త తక్కువ, టీ3 ట్రామ్ ఉంది, కానీ లా దువాకు కాస్త దూరం. సైకిలు తొక్కగలిగితే అదీ ఫరవాలేదు, ఊరంతా చదునే. వెలోవ్ అనే అద్దె సైకిళ్లు ఇక్కడ 2005లోనే వచ్చాయి, పారిస్ కంటే రెండేళ్లు ముందు.

లియోన్ 6వ వార్డులో, అంటే షార్పెన్‌కు అవతల, అదే సైజు గదికి డబ్బు ఎక్కువ పెట్టాలి. దక్కేది అడ్రసులో పేరు మాత్రమే.

అద్దె విషయంలో ఇక్కడో మేలుంది. లియోన్, విలర్‌బాన్ రెండింట్లోనూ 2021 నవంబర్ 1 నుంచి అద్దెల మీద గరిష్ఠ పరిమితి ఉంది. పేటను బట్టి, గదుల సంఖ్య, భవనం ఎప్పుడు కట్టారు, ఫర్నిచర్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి చదరపు మీటరుకు ఇంత అని సర్కారు ప్రకటిస్తుంది. ఆ అంకె అగ్రిమెంటులో రాసి ఉండాలి. ‘అదనపు అద్దె’ అని ఇంకో లైను కలిపారంటే దానికి కారణం చూపించాలి, కిటికీలోంచి చెట్టు కనిపిస్తోందంటే చాలదు. ఇది ప్రయోగంగా తెచ్చిన పద్ధతి కాబట్టి, సంతకం చేసే నాటికి అమల్లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే అద్దెకుండేవాళ్ల దగ్గర వసూలు చేసే ఫీజుకూ పరిమితి ఉంది. ఇక్కడ చదరపు మీటరుకు మొత్తం మీద సుమారు 13 యూరోలు, అంటే 20 చదరపు మీటర్ల గదికి 260 యూరోల దాకా. అంతకంటే అడిగితే అడగనివ్వండి, ఇవ్వకండి. డిపాజిట్ ఫర్నిచర్ లేని ఇంటికి ఒక నెల అద్దె, ఉన్నదానికి రెండు నెలలు మించకూడదు.

ఓనర్లు జామీనుదారు కావాలంటారు. ఫ్రాన్స్‌లో జీతం తెచ్చుకునే మనిషి మీకు ఎక్కడ దొరుకుతాడు? ఇందుకే విజాల్ ఉంది. అద్దె కట్టకపోతే తాను కడతానని ఓనరుకు ఉచితంగా హామీ ఇచ్చే పథకం. 30 ఏళ్ల లోపు విద్యార్థులకు వీసా చేతికి రాగానే ఆన్‌లైన్‌లో అడగొచ్చు. అగ్రిమెంటు మీద సంతకానికి ముందే తీసుకోవాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. కొందరు ఓనర్లు దీన్ని ఒప్పుకోరు. ఫోన్‌లోనే ఆ సంగతి కనుక్కుంటే ఊరికే తిరిగే బాధ తప్పుతుంది. ఇల్లు చూపించకుండా, తాళాలు పోస్టులో పంపుతానంటూ ముందే డబ్బు పంపమనే ‘విదేశాల్లో ఉన్న ఓనరు’ ఎవరైనా తగిలితే మోసమని ఖాయం చేసుకోండి. హైదరాబాద్‌లో కూర్చుని ఇల్లు ఖాయం చేసుకోవాలనే తొందరలో ఏటా ఎవరో ఒకరు ఇందులో పడుతున్నారు.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు అందం కంటే ముందు డీపీఈ చూడాలి. ఇంటికి కరెంటు, హీటింగ్ ఎంత ఖర్చవుతుందో ఏ నుంచి జీ దాకా అక్షరంతో చెప్పే కాగితం అది. 2025 జనవరి నుంచి జీ గ్రేడు ఇళ్లను కొత్తగా అద్దెకు ఇవ్వకూడదు. ఎఫ్ ఉన్నా, గోడకు పాత కరెంటు హీటరు బిగించి ఉన్నా చలికాలం బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. షట్టర్ పూర్తిగా లేపి దింపమనండి. వేడినీళ్లు రెండు నిమిషాలు వదిలి చూడండి. బీరువా కొంచెం జరిపి వెనక గోడ మూల నల్లగా బూజు పట్టిందేమో చూడండి. గదిలో కొత్త పెయింటు వాసన గుప్పున వచ్చిందంటే ఆ మూలను ఇంకా జాగ్రత్తగా చూడాలి. తాళాలు ఇచ్చే రోజు ‘ఎతా దే ల్యూ’ అని గది గదికీ ఉన్న స్థితి రాస్తారు. ఏజెంటు తొందరపెట్టినా ప్రతి గీత, ప్రతి మరక రాయించి, ఫోటోలు తీసి, అదే రోజు మెయిల్ చెయ్యాలి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ ఎంత వెనక్కి వస్తుందో ఆ కాగితమే తేలుస్తుంది. మనవాళ్లు మొహమాటానికి పోయి ‘అన్నీ బాగున్నాయి’ అని సంతకం పెట్టేస్తారు.

కాఫ్ అనే సంస్థ ఇచ్చే ఇంటి అద్దె సాయం గురించి యూట్యూబ్‌లో చాలా ఊరిస్తుంటారు. యూరప్ బయటి విద్యార్థులకు ఆ నిబంధనలు మారుతున్నాయి. అది అసలు రాదనుకునే బడ్జెట్ వేసుకోండి, వస్తే మంచిదే. అలాగే పార్ట్ టైమ్ పని: స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 964 గంటలు చెయ్యొచ్చు. ఫ్రెంచి కొద్దిగానైనా రాకపోతే ఆ గంటలు కాగితం మీదే మిగిలిపోతాయి. వీలైతే ఇప్పటి నుంచే నేర్చుకోవడం మొదలుపెట్టమనండి. తరగతి ఇంగ్లీషులో ఉన్నా, బ్యాంకు, ఓనరు, డాక్టరు అందరూ ఫ్రెంచిలోనే మాట్లాడతారు.

చదువు గొడవలు పక్కన పెడితే, ఊళ్లో కాలక్షేపానికి లోటు లేదు. గ్రాట్ సియెల్‌లోని థియేటరు మామూలుది కాదు. 1920లో పారిస్‌లో మొదలైన టీఎన్‌పీ, అంటే సామాన్యులకు చవగ్గా మంచి నాటకం చూపించాలని పెట్టిన జాతీయ థియేటరు, 1972లో నాటక దర్శకుడు రోజే ప్లాన్షోన్ చేతికి వచ్చి విలర్‌బాన్‌కు మారింది. పారిస్‌లో ఉన్న పేరు పక్కూరికి రావడం ఫ్రాన్స్‌లో తరచూ జరిగే పని కాదు. విద్యార్థులకు టికెట్ ధర తక్కువే. బాస్కెట్‌బాల్ ఇష్టమైతే అస్వెల్ జట్టు ఈ ఊరిదే. ఫ్రాన్స్ లీగ్‌ను అందరికంటే ఎక్కువసార్లు గెలిచింది. పేరున్న ఫ్రెంచి ఆటగాళ్లలో టోనీ పార్కర్ దాన్ని నడిపాడు, వెంబన్యామా అమెరికా లీగ్ ఎన్‌బీఏకు వెళ్లే ముందు ఒక సీజన్ ఆడాడు. క్యాంపస్ పక్కనే యుద్ధంలో చనిపోయినవాళ్ల జాతీయ శ్మశానం కూడా ఉంది. నాజీలు ఆ పక్కనున్న ఫైరింగ్ రేంజ్‌లో కాల్చి చంపిన ప్రతిఘటన యోధులను అక్కడే తలచుకుంటారు. లా దువాలో చదివి దాని గేటు ఎప్పుడూ దాటని వాళ్లే ఎక్కువమంది, నాకది బాధగానే ఉంటుంది. కొంచెం ఉత్తరానికి నడిస్తే రోన్ నది ఒడ్డున ఫెయ్‌సీన్ పార్కు. సాయంత్రం పరుగుకు అంతకంటే మంచి చోటు లేదు.

దిగే రోజు గురించి చెప్పి ఆపుతాను. సెంట్ ఎక్సుపెరీ ఎయిర్‌పోర్టు నుంచి రోనెక్స్‌ప్రెస్ అనే ట్రామ్ అరగంట లోపే పార్ ద్యూకు వస్తుంది. టికెట్ ఖరీదెక్కువ. తమ్ముడు వో ఆన్ వెలాన్ లా సువా స్టాపులో దిగి మెట్రో ఏ ఎక్కితే షార్పెన్ దాకా ఒకటే బండి, అక్కడి నుంచి టీ1. పెద్ద సూట్‌కేసులతో పార్ ద్యూ రద్దీలో ఈదాల్సిన పని తప్పుతుంది. వచ్చిన 3 నెలల లోపు వీసాను ఆన్‌లైన్‌లో వ్యాలిడేట్ చెయ్యాలి. ఇంటి ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది లేకుండా తాళాలు ఇవ్వరు, బ్యాంకులోనో ఆన్‌లైన్‌లోనో కొద్ది డబ్బుకే దొరుకుతుంది. ఆగస్టులో ఇక్కడ ఏజెన్సీలు సగం మూసే ఉంటాయి, ఫోన్లు ఎత్తరు. క్యాంపస్ రెసిడెన్స్ రాలేదని జూన్‌లో తెలిస్తే జులైలోనే కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేసి పంపడం మొదలుపెట్టండి: పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటర్, విజాల్ హామీ, డబ్బున్నట్టు బ్యాంకు కాగితం. వీసా ఇంకా రాకపోతే విజాల్ బదులు ‘దరఖాస్తు చేస్తాను’ అని ఒక లైను రాయండి. సెప్టెంబర్ మొదటి వారానికి కూడా గది తేలకపోతే కొన్ని వారాలకు ఏదో ఒక తాత్కాలిక గది తీసుకుని, ఇళ్లు స్వయంగా చూశాకే సంతకం పెట్టమనండి.